జర్మనీలో కుదురుకోవడం ఎలా? మొదటి ఏడాదికి దశలవారీ మార్గదర్శి

మాస్టర్స్‌కో ఉద్యోగానికో జర్మనీ వెళ్ళే తెలుగువాళ్ళకు వీసా కాగితాల గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. దిగాక మనసునీ అలవాట్లనీ ఎలా మార్చుకోవాలని అడిగితే మాత్రం "అదే అలవాటైపోతుందిలే" అంటారు. దానంతటదే అలవాటు కాదు. మూడేళ్ళయినా పక్కింటివాళ్ళ పేరు తెలియకుండా, పోస్టు డబ్బా తెరవాలంటే బెరుకుగా, సూపర్‌మార్కెట్లో ఒక్క ముక్క జర్మన్ మాట్లాడలేక నెట్టుకొచ్చేవాళ్ళు ఎంతోమంది.

వాళ్ళకు తెలివి తక్కువై అలా జరగదు. చాలావరకు మొహమాటమే కారణం. అడిగితే ఏమనుకుంటారో అని అడగరు, వద్దని చెప్పలేక తలూపుతారు, అర్థం కాకపోయినా అయినట్టు ఉండిపోతారు. ఇంటి దగ్గర మన మొహమాటాన్ని ఎదుటివాళ్ళు కనిపెట్టి సర్దుకుంటారు. జర్మనీలో అలా కనిపెట్టేవాళ్ళు దాదాపు ఉండరు. నోరు తెరిచి చెప్పిందే లెక్క. కింద రాసిన పనుల్లో సగానికి సగం ఆ నోరు తెరవడాన్ని అలవాటు చేసుకోవడానికే.

## 1. బయలుదేరే ముందు: ఆశల్ని కాగితం మీద పెట్టండి

ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు గళ్ళు గీయండి. మొదటి గడిలో అక్కడ ఏం దొరుకుతుందని అనుకుంటున్నారో, రెండో గడిలో ఇక్కడ ఏం వదులుకుంటున్నారో, మూడో గడిలో అనుకున్నది ఆరు నెలల్లో జరగకపోతే ఏం చేస్తారో రాయండి. మూడో గడి ఖాళీగా ఉంటే అక్కడికెళ్ళాక వచ్చే మొదటి ఎదురుదెబ్బకే "తిరిగెళ్ళిపోదాం" అనిపిస్తుంది. "ఆరు నెలల్లో పార్ట్‌టైం ఉద్యోగం దొరక్కపోతే ఖర్చు ఇంతకు తగ్గిస్తాను, ఫలానా కోర్సు చేస్తాను" అని రాసుంటే అదే ఎదురుదెబ్బ ముందే ఊహించిన సంగతి అవుతుంది.

భాషకు రోజుకు 45 నిమిషాల చొప్పున కనీసం నాలుగు నెలలు కేటాయించండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె సెంటర్ ఉంది. ఆన్‌లైన్ క్లాసులూ ఉన్నాయి. భాషలో మొట్టమొదటి మెట్టయిన ఎ1 స్థాయి చేతిలో ఉంటే మొదటి నెల భయం సగం తగ్గుతుంది.

విమానం ఎక్కేలోపు వీటిని చూడకుండా చెప్పగలగాలి:

- మీ పేరు అక్షరం అక్షరం జర్మన్ ఉచ్చారణలో. ఫోన్లో ప్రతిచోటా అడుగుతారు.
- అంకెలు 1 నుంచి 100 దాకా. జర్మన్‌లో 21ని "ఒకటీ ఇరవై" అన్నట్టు ఒకట్ల స్థానంతో మొదలుపెడతారు. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడు తికమక పెట్టేది ఇదే.
- "అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి", "దయచేసి రాసివ్వండి", "దీన్ని జర్మన్‌లో ఏమంటారు?" అన్న మూడు వాక్యాలు.

పేరు విషయంలో ఇంకో జాగ్రత్త. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. అక్కడి ఫారాల్లో రెండూ వేరువేరు గళ్ళు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏది ఉందో చూసుకుని, యూనివర్సిటీ, బ్యాంకు, అద్దె ఒప్పందం, ఇన్సూరెన్స్ అన్నిటా అచ్చంగా అలాగే రాయండి. ఒకచోట పొట్టిపేరు, ఇంకోచోట పూర్తిపేరు రాస్తే ఏడాది పొడవునా వివరణలు ఇచ్చుకుంటూ తిరగాలి.

## 2. మొదటి రెండు వారాలు: కాగితాన్ని గౌరవించడం

ముఖ్యమైన విషయమైతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారులే అన్నది మన అలవాటు. జర్మనీలో ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరాన్ని మీరు చదివారా లేదా అని ఎవరూ అడగరు. గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

మొదటి పని చిరునామా నమోదు. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయాలి. పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువపత్రం కావాలి. ఆ ధ్రువపత్రం పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. అద్దె ఒప్పందం దానికి బదులు పనికిరాదు. ఇల్లు ఖాయం చేసుకునేటప్పుడే "ఈ పత్రం ఇస్తారా?" అని అడగండి. ఇవ్వనంటే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు కాబట్టి ఇల్లు ఖాయమైన రోజే స్లాట్ కోసం వెతకండి.

రెండో పని, పోస్టు డబ్బా మీద పేరు. అక్కడి అపార్ట్‌మెంట్లకు మామూలుగా ఫ్లాట్ నంబరు ఉండదు. పోస్టువాళ్ళు డబ్బా మీద ఉన్న పేరు చూసి వేస్తారు. డబ్బా మీద, బెల్లు మీద మీ పేరు లేకపోతే బ్యాంకు కార్డు, ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ వెనక్కి పోతాయి. వేరేవాళ్ళ గదిలో కొన్నాళ్ళే ఉంటున్నా చిన్న కాగితం మీద పేరు రాసి అతికించాల్సిందే. మొదటి నెలలో వినిపించే "నాకు ఏ ఉత్తరమూ రాలేదు" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

ఆ తర్వాత ఉత్తరాల క్రమశిక్షణ:

1. వచ్చిన రోజే తెరవండి. అర్థం కాకపోతే ఫోన్లో ఫోటో తీసి అనువాదం చూడండి.
2. పైన కుడిమూల వచ్చిన తేదీ పెన్సిల్‌తో రాయండి.
3. గడువు తేదీని వెతికి క్యాలెండర్లో పెట్టండి. చాలా ప్రభుత్వ నిర్ణయాల మీద అభ్యంతరం చెప్పడానికి ఒక నెల గడువు ఉంటుంది.
4. రెండు రంధ్రాలు కొట్టి ఫైల్లో పెట్టండి. ఇల్లు, ఆరోగ్యం, ఉద్యోగం, వీసా, పన్ను అని ఐదు విభాగాలు చాలు.

పసుపు కవరులో వచ్చేది అధికారిక నోటీసు. దాని గడువు కవరు మీద పోస్టుమాన్ రాసిన తేదీ నుంచి మొదలవుతుంది, కాబట్టి కవరును పారేయకండి.

నమోదైన కొన్నాళ్ళకు రేడియో, టీవీ చందా కట్టమని ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోలు కట్టాలి. మోసమనుకుని చింపేసేవాళ్ళు చాలామంది; తర్వాత పాత బాకీ మొత్తం ఒకేసారి మీద పడుతుంది. ఇది ఇంటికి ఒక్కటే. రూమ్మేట్ అప్పటికే కడుతుంటే ఆ చందా ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది.

ఇంకో రెండు తేదీలు గుర్తుంచుకోండి. నివాస అనుమతి ముగియకముందే పొడిగింపుకు దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్ ఆలస్యమైనా, గడువులోపు దరఖాస్తు చేసినవాళ్ళకు మధ్యకాలానికి ఫిక్త్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే పత్రం ఇస్తారు, అడిగి తీసుకోండి. మన డ్రైవింగ్ లైసెన్సు మీద అక్కడ నివాసం ఏర్పడిన ఆరు నెలల వరకే బండి నడపొచ్చు. తర్వాత థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు రెండూ పాసవ్వాలి.

## 3. గడియారంతో ఒప్పందం

డాక్టరు, బ్యాంకు, ప్రొఫెసరు, క్షవరం, ఆఖరికి స్నేహితుడింట్లో కాఫీ దాకా అన్నిటికీ ముందే సమయం తీసుకుంటారు. దాన్ని టెర్మీన్ అంటారు. చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్తే తలుపు తీసినవాళ్ళ మొహంలో కనిపించేది కంగారే. మీరంటే ఇష్టం లేదని అర్థం చేసుకోకండి.

- ఐదు నిమిషాలు ముందే చేరండి. ఆలస్యమవుతుందని తెలిసిన క్షణమే, అనుకున్న సమయానికి ముందే, ఎన్ని నిమిషాలో చెబుతూ సందేశం పెట్టండి.
- "హాల్ప్ డ్రై" అంటే రెండున్నర. మనం రెండుకు అర కలుపుతాం. వాళ్ళు మూడుకు అర తక్కువని లెక్కిస్తారు. ఇది తెలియక గంట ఆలస్యంగా వెళ్ళి అపాయింట్‌మెంట్ పోగొట్టుకోవడం మామూలే. సందేహం ఉంటే అంకెల్లో రాసి చూపించండి.
- ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకోండి. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని షాపులు తెరిచి ఉంటాయి.
- పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజు చెప్పకండి. అశుభంగా భావిస్తారు. ఆఫీసులో మీ పుట్టినరోజుకు కేకు తెచ్చి పంచాల్సింది మీరే.

ప్రాణాపాయానికి 112, పోలీసులకు 110, డాక్టర్లు లేని వేళల్లో అత్యవసరం కాని అనారోగ్యానికి 116117. మూడూ ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.

## 4. మొహమాటాన్ని విప్పడం

మన ఇళ్ళలో "వద్దండీ" అంటే "ఇంకోసారి అడగండి" అని అర్థం. మూడోసారికి గానీ కంచంలో గారె పడదు. జర్మన్ ఇంట్లో ఒక్కసారి వద్దంటే గిన్నె పక్కవాళ్ళ వైపు వెళ్ళిపోతుంది. మీ మాటను నమ్మడమే వాళ్ళ మర్యాద. ఆకలిగా ఉంటే మొదటిసారే "అవును, కొంచెం" అనండి. శాకాహారులైతే, గుడ్డు కూడా తిననివాళ్ళైతే ఆహ్వానం అందినప్పుడే చెప్పండి. భోజనాల బల్ల దగ్గర చెబితే వాళ్ళు నిజంగా నొచ్చుకుంటారు.

ఆఫీసులో దీని ప్రభావం ఇంకా ఎక్కువ. మనవాళ్ళు తలను అటూ ఇటూ ఆడిస్తూ సరేనంటారు. జర్మన్ల కంటికి అది కాదన్నట్టో, ఎటూ తేల్చనట్టో కనిపిస్తుంది. తలతో పాటు నోటితో "యా" అనడం అలవాటు చేసుకోండి. "చూద్దాం", "ట్రై చేస్తా" అన్న మాటల్ని పూర్తిగా మానేసి, వాటి స్థానంలో వీటిని పెట్టండి:

- "శుక్రవారంలోపు అవుతుంది."
- "శుక్రవారానికి అవదు, మంగళవారానికి ఇవ్వగలను."
- "నాకు రెండో భాగం అర్థం కాలేదు. పది నిమిషాలు కూర్చుని వివరిస్తారా?"

మూడో వాక్యం చెప్పడానికి మనకు ప్రాణం మీదికి వస్తుంది. అయినా చెప్పాలి. మొదటి వారంలో ప్రశ్నలు అడిగేవాళ్ళను శ్రద్ధగలవాళ్ళు అనుకుంటారు. మూడు వారాలు మౌనంగా ఉండి చివరిరోజు "అవలేదు" అంటే నమ్మకం పోతుంది. ప్రొబేషన్ కాలం మామూలుగా ఆరు నెలలు. అందులో రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు. కాబట్టి ఆరో వారంలో మీరే మేనేజరును అరగంట అడిగి "ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి?" అని తెలుసుకోండి.

విమర్శ సూటిగా వస్తుంది. "ఈ రిపోర్టు బాగాలేదు" అని పదిమందిలో అనేసి, మధ్యాహ్నం మీతోనే నవ్వుతూ భోజనం చేస్తారు. మాట రిపోర్టు గురించే. ఆ రాత్రి నిద్ర చెడగొట్టుకునే బదులు మూడు పనులు చేయండి: అన్న మాటను అన్నట్టే రాసుకోండి, అందులో పనికి సంబంధించిన భాగం కింద గీత గీయండి, మర్నాడు దాని గురించి ఒక్క ప్రశ్న అడగండి.

నువ్వు, మీరు తేడా మనకు కొత్త కాదు. వాళ్ళకు డూ, జీ. కొత్తవాళ్ళతో, ఆఫీసర్లతో జీ వాడాలి. డూ అనుకుందామని ప్రతిపాదించేది పెద్దవాళ్ళో పైస్థాయివాళ్ళో. ఒకసారి డూ అనుకున్నాక యాభై ఐదేళ్ళ బాస్‌ను కూడా పేరుపెట్టి డూ అనే పిలవాలి. "గారు" లేకుండా పిలవడం మన నాలుకకు ఎంత ఇబ్బందో తెలుసు. కానీ ఒప్పుకున్నాక మళ్ళీ జీ అంటే దూరం పెట్టినట్టు అనిపిస్తుంది.

జ్వరం వస్తే పని మొదలయ్యే వేళకు ముందే ఆఫీసుకు చెప్పి ఇంట్లో పడుకోండి. ముక్కు కారుతూ వచ్చినవాళ్ళను మెచ్చుకోరు, దూరం జరుగుతారు. మూడు రోజులకు మించి అనారోగ్యం ఉంటే నాలుగో రోజుకు డాక్టరు పత్రం తప్పనిసరి. కొన్ని కంపెనీలు మొదటి రోజే అడుగుతాయి, మీ ఒప్పందంలో చూసుకోండి.

## 5. ఇల్లూ, గోడకు అవతలివాళ్ళూ

గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, తేలిగ్గా తప్పించగలిగేదీ ఇక్కడే. చేరిన మొదటిరోజే హౌస్‌ఓర్డ్‌నుంగ్ అనే ఇంటి నియమాల కాగితం అడిగి తీసుకోండి.

చప్పుడు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారం రోజంతా ప్రశాంత వేళ. ఇడ్లీ పిండి రుబ్బడం, రోట్లో దంచడం, వాక్యూమ్ క్లీనరు, గోడకు మేకు కొట్టడం శనివారం పగలే ముగించుకోండి. ఆదివారం టిఫిన్‌కు చట్నీ కావాలంటే ముందురోజే మిక్సీ పట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వాషింగ్ మెషిన్ విషయం ఇంటింటికీ మారుతుంది. పండగకు పదిమంది వస్తున్నారంటే రెండు రోజుల ముందు మెట్ల దగ్గర మీ పేరు, ఫోన్ నంబరు, ముగిసే సమయం రాసి కాగితం అతికించండి. అది మర్యాద మాత్రమే. పది దాటాక శబ్దం చేసే అనుమతి ఇవ్వదు.

గాలి. అన్నం, పప్పు, చారు వండితే ఇంట్లోకి చాలా ఆవిరి చేరుతుంది. బట్టలు లోపలే ఆరేస్తాం. చలికని కిటికీలు మూసేస్తాం. నెల తిరిగేసరికి చల్లటి గోడమూలల్లో నల్లటి బూజు పడుతుంది, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర పేచీ. డిపాజిట్ అంటే చిన్న మొత్తం కాదు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని మూల అద్దెకు మూడు రెట్ల దాకా ఉండొచ్చు. పరిష్కారం ష్టోస్‌ల్యుఫ్టెన్: రోజుకు రెండు మూడుసార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయాలి. ఆ సమయంలో హీటర్ తగ్గించాలి, తర్వాత మళ్ళీ పెట్టాలి. కిటికీ పైభాగాన్ని కొంచెం వంచి రోజంతా వదిలేస్తే గోడ చల్లబడి బూజు ఎక్కువవుతుంది. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరవండి.

నీళ్ళు. చాలా బాత్రూముల్లో నేల మీద తూము ఉండదు. చెంబుతో పోసుకుంటే, నేల మీద బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే కింది ఫ్లాట్ సీలింగు తడుస్తుంది. స్నానం టబ్బులోనో షవర్ గదిలోనో, శుభ్రం తడిగుడ్డతో. వాడేసిన నూనె సింకులో పోయకండి, డబ్బాలో నింపి చెత్తలో వేయండి. ఇలాంటి పొరపాటుకు ఇతరులకు నష్టం జరిగితే ఆదుకునేది హాఫ్ట్‌ప్ఫ్లిఖ్ట్ ఇన్సూరెన్స్. మొదటి నెలలోనే తీసుకోవాల్సినవాటిలో ఆరోగ్య బీమా తర్వాతిది ఇదే.

చెత్త. కాగితం, ప్యాకింగ్ ప్లాస్టిక్, కూరగాయల తొక్కలు, మిగతా చెత్త వేరువేరు డబ్బాల్లో. రంగులు ఊరూరికీ మారతాయి కాబట్టి మున్సిపాలిటీ ఇచ్చే పట్టికను ఫ్రిజ్ మీద అతికించండి. గాజు సీసాల్ని వీధి కంటైనర్లలో రంగుల వారీగా, ఆదివారం కాకుండా వేయాలి. డిపాజిట్ ఉన్న సీసాల్ని పారేయకండి: వాడిపారేసే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు, మళ్ళీ వాడేవాటికి మామూలుగా 8 లేదా 15 సెంట్లు. సూపర్‌మార్కెట్ మెషిన్లో వేస్తే చీటీ వస్తుంది.

స్టుట్‌గార్ట్ వైపు చాలా ఇళ్ళలో మెట్లు ఊడ్చే పని వారం వారం ఒక్కో కుటుంబానికి వంతు వస్తుంది. తలుపుకు చిన్న బోర్డు తగిలిస్తే ఆ వారం మీదే.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని: చేరిన వారంలో ఒక సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య పైన, కింద, పక్కన ఉన్న ఇళ్ళ బెల్లు కొట్టి పేరు చెప్పండి. "కొత్తగా చేరాం. శబ్దం ఎక్కువైతే నేరుగా మాకే చెప్పండి" అంటే చాలు. ముఖం తెలిసినవాళ్ళు వచ్చి చెబుతారు, తెలియనివాళ్ళు యజమానికి ఉత్తరం రాస్తారు. మీరు లేనప్పుడు పార్సిల్ తీసుకుని ఉంచేదీ ఈ పక్కింటివాళ్ళే.

## 6. భాషను రోజువారీ పనిలో కలపడం

ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది కదా అని భాషను వాయిదా వేయడం మొదటి ఏడాది చేసే పెద్ద తప్పు. భోజన విరామంలో అందరూ జర్మన్‌లో నవ్వుకుంటుంటే మీరొక్కరే ఫోన్ చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. పైగా ఇది కాగితాల్లోనూ తేడా తెస్తుంది. బ్లూ కార్డు, అంటే డిగ్రీ చదివి మంచి జీతమున్న ఉద్యోగం చేసే విదేశీయులకిచ్చే నివాస అనుమతి ఉన్నవాళ్ళకు బి1 (మధ్యస్థ) స్థాయి భాష ఉంటే 21 నెలలకు, ఎ1 మాత్రమే ఉంటే 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది.

వారానికి ఇలా పెట్టుకోండి:

- క్లాసు: రెండుసార్లు. ఫోల్క్స్‌హోఖ్‌షూలె అనే వయోజన విద్యాకేంద్రాల్లో ఫీజులు మామూలుగా ప్రైవేటు సంస్థలకంటే తక్కువ.
- నోటి సాధన: బేకరీ, మందుల షాపు, లైబ్రరీ. ఈ మూడు చోట్లా ఇంగ్లీషు వాడనని నియమం.
- వినడం: రోజుకు 15 నిమిషాల వార్తలు.

మీ ఉచ్చారణ విని ఎదుటివాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు. సాయం చేస్తున్నామనే వాళ్ళ ఉద్దేశం. "క్యోనెన్ వియర్ బిట్టె డాయిచ్ ష్ప్రెఖెన్? ఇఖ్ లెర్నె నోఖ్" అనండి. జర్మన్‌లో మాట్లాడదామా, ఇంకా నేర్చుకుంటున్నాను అని అర్థం. దాదాపు అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు.

తెలుగువాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది. జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ చివర వస్తుంది, మన వాక్యంలాగే. ఇంగ్లీషు మీదుగా అనువదించుకునేవాళ్ళు అక్కడ తడబడతారు. తెలుగులో ఆలోచించి చూడండి. ఇబ్బంది పెట్టే అచ్చుకు ఒక కిటుకు: పెదాలను "ఊ" అన్నట్టు గుండ్రంగా పెట్టి "ఈ" అనండి, అదే వాళ్ళ రెండు చుక్కల "ఊ" (ü).

## 7. మనుషుల్ని సంపాదించుకోవడం

మూడు వలయాలు అవసరం: తెలుగువాళ్ళు, మీలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు, స్థానికులు. మొదటిది దానంతటదే ఏర్పడుతుంది. ఉగాదికి, దీపావళికి కలిసే తెలుగు సంఘాలు చాలా నగరాల్లో ఉన్నాయి, వెళ్ళండి. చింతపండు ఎక్కడ దొరుకుతుందో, ఏ ఇన్సూరెన్స్ మంచిదో చెప్పేది వాళ్ళే. అయితే వారాంతాలన్నీ ఆ ఒక్క వలయంలోనే గడిస్తే మూడో ఏడాదికి కూడా మీరు ఆ దేశంలో అతిథిగానే ఉంటారు.

స్థానికుల వలయంలోకి దారి ఫెరైన్. అంటే క్లబ్బు, సంఘం. బ్యాడ్మింటన్, క్రికెట్, చదరంగం, పాటల బృందం, తోటపని, స్వచ్ఛంద అగ్నిమాపక దళం, దేనికైనా ఒకటి ఉంటుంది. స్నేహం అక్కడ మాటలకంటే కలిసి చేసే పని చుట్టూ పెరుగుతుంది. కాబట్టి ఒకటే ఎంచుకుని, వారంలో ఒకేరోజు, ఒకే వేళకు, మూడు నెలలు మానకుండా వెళ్ళండి. మొదటి నెల ఎవరూ పెద్దగా పలకరించరు. రెండో నెలలో పేరు గుర్తుపెట్టుకుంటారు. మూడో నెలలో ఎవరో ఒకరు ఆట తర్వాత ఎక్కడికో రమ్మంటారు, ఆ రోజు తప్పకుండా వెళ్ళండి. మూడోసారికే "వీళ్ళు కలుపుకోరు" అని మానేసేవాళ్ళే ఎక్కువ.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేరే జాగ్రత్త కావాలి. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగులోపే సూర్యుడు అస్తమిస్తాడు. దిగులుకు చీకటి కూడా ఒక కారణమని ముందే తెలిస్తే, తప్పంతా తమదేనని కుంగిపోరు. మధ్యాహ్నం 12, 1 మధ్య అరగంట బయట నడవండి, విటమిన్ డి గురించి డాక్టరును అడగండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడితే ఫ్యామిలీ డాక్టరుకు చెప్పండి. మానసిక చికిత్సకు వేచి ఉండాల్సిన సమయం ఎక్కువ కాబట్టి ఆలస్యం చేయొద్దు. విద్యార్థులకు యూనివర్సిటీలో ఉచిత కౌన్సెలింగ్ ఉంటుంది. ఎవరితోనైనా మాట్లాడితే చాలనిపించే రాత్రికి టెలిఫోన్‌జేల్‌జోర్గె అనే ఉచిత సేవ ఉంది: 0800 1110111.

## 8. రూపాయి లెక్కా, ఇంటికి ఫోనూ

మొదటి మూడు నెలలు ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చడం సహజం. నాలుగో నెల నుంచి ఆపండి. ఆపకపోతే మంచి చలికోటు కొనరు, తోటివాళ్ళు రమ్మన్న కాఫీకి వెళ్ళరు, ఒంటరితనం పెరుగుతుంది. బడ్జెట్ యూరోల్లోనే వేసుకుని, అందులో నెలకు 30, 40 యూరోలు మనుషులతో గడపడానికని కేటాయించండి. విద్యారుణం ఉన్నవాళ్ళు ఆ వాయిదా ఒక్కదాన్నే రూపాయల్లో లెక్కించుకోండి.

ఇంటికి ఫోన్ చేసే సమయం ఖాయం చేసుకోండి. మనకూ జర్మనీకీ తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. అక్టోబరు చివరి ఆదివారం, మార్చి చివరి ఆదివారం గడియారం మారుతుందని అమ్మానాన్నలకు ముందే చెప్పండి, లేకపోతే గంటసేపు కంగారు పడతారు. అన్నీ బాగున్నాయని దాచేస్తే మీరు లోపల బరువెక్కుతారు, ప్రతి చికాకూ ఆ క్షణమే చెబితే వాళ్ళకు అక్కడ నిద్ర ఉండదు. చికాకు వచ్చిన రోజు రాసి పెట్టుకుని, దాన్ని ఏం చేశారో తేలాక రెండూ కలిపి చెప్పండి.

## 9. మనసు నొచ్చుకున్నప్పుడు: మూడు ప్రశ్నలు

ఎవరో కసురుకున్నారు, ఇల్లు చూడటానికి పిలిచి ఇవ్వలేదు, రైల్లో పక్కన కూర్చోలేదు. వెంటనే ఒక నిర్ణయానికి రాకుండా వరుసగా అడగండి:

1. నాకు తెలియని నియమం ఏదైనా ఉందా? సైకిల్ దారిలో నడిస్తే, పిల్లల ముందు రెడ్ సిగ్నల్లో రోడ్డు దాటితే ఎవరినైనా కసురుతారు.
2. ఇది ఆ మనిషి తీరా? అక్కడి క్యాషియర్లు జర్మన్లతోనూ నవ్వరు.
3. ఇదే పరిస్థితిలో వేరే రంగు, వేరే పేరు ఉన్నవాళ్ళకు వేరేగా జరుగుతోందా?

మూడోదానికి అవునని తేలితే అది వివక్ష. అది జరుగుతుంది, జరగదని సర్దిచెప్పుకోవద్దు. తేదీ, సమయం, అన్న మాటలు, సాక్షుల పేర్లు ఆ రోజే రాసుకోండి. ఉద్యోగం, ఇల్లు, సేవల విషయంలో సమాన హక్కుల చట్టం కింద పరిహారం కోరడానికి మామూలుగా రెండు నెలలే గడువు. కేంద్ర ప్రభుత్వ వివక్ష నిరోధక కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. అద్దె గొడవలకు మీటర్‌ఫెరైన్, అంటే అద్దెదారుల సంఘంలో చేరితే ఏడాది చందాతో న్యాయసలహా దొరుకుతుంది.

## 10. భర్తతోనో భార్యతోనో వెళ్ళినవాళ్ళు

ఉద్యోగం ఉన్నవాళ్ళకు ఆఫీసు కొంత ప్రపంచాన్ని ఇస్తుంది. ఇంట్లో ఉండేవాళ్ళకు నాలుగు గోడలే మిగులుతాయి, చాలా కుటుంబాల్లో అది ఆడవాళ్ళే. కుటుంబ వీసా మీద వచ్చినవాళ్ళకు ఉద్యోగం చేసే హక్కు ఉంది. దాన్ని వాడుకోవాలన్నా భాష, పరిచయాలు కావాలి. మొదటి నెలలోనే ఇవి జరిగాయా చూసుకోండి:

- ☐ సొంత బ్యాంకు ఖాతా, సొంత ఫోన్ నంబరు
- ☐ ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు ఉత్తరం ఆమె ఫైల్లో
- ☐ వారానికి కనీసం మూడు రోజుల భాషా కోర్సు. వీలైతే భాషతో పాటు ఆ దేశం గురించీ నేర్పే ప్రభుత్వ ఇంటిగ్రేషన్ కోర్సుకు దరఖాస్తు
- ☐ ఒంటరిగా డాక్టరు దగ్గరికి, షాపుకు, స్టేషన్‌కు ఒక్కోసారి వెళ్ళిరావడం
- ☐ భర్త స్నేహితుల భార్యలే కాక తను సంపాదించుకున్న ఒక్క పరిచయమైనా

ఫోన్లు, అపాయింట్‌మెంట్లు అన్నీ భర్తే చేసిపెట్టడం ప్రేమగానే మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆమె ఏ పనికైనా ఆయన కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. పక్కన కూర్చోండి, ఫోన్ మాత్రం ఆమెనే మాట్లాడనివ్వండి.

పిల్లలతో ఇంట్లో తెలుగే మాట్లాడండి. జర్మన్ బడిలో వస్తుంది. మీ విరిగిన జర్మన్ వాళ్ళకు అవసరం లేదు.

## 11. ఆరో నెలలో సరిచూసుకునే పట్టిక

ఆరు నెలలు నిండిన వారంలో ఒక గంట తీసుకుని, బయలుదేరే ముందు రాసిన మూడు గళ్ళ కాగితాన్ని పక్కన పెట్టుకుని టిక్కులు పెట్టండి.

- ☐ తెరవని ఉత్తరం ఒక్కటీ లేదు
- ☐ నివాస అనుమతి ముగిసే తేదీకి మూడు నెలల ముందు రిమైండర్ పెట్టాను
- ☐ ముగ్గురు పొరుగువాళ్ళ పేర్లు తెలుసు
- ☐ ఫోన్లో జర్మన్‌లో ఒక అపాయింట్‌మెంట్ తీసుకున్నాను
- ☐ గత నెలలో ఒకసారైనా "అర్థం కాలేదు" అని పైకి అన్నాను
- ☐ తెలుగువాళ్ళు కానివాళ్ళతో కలిసి నెలలో రెండుసార్లు ఏదో ఒకటి చేశాను
- ☐ గోడమూలల్లో బూజు లేదు

నాలుగుకంటే తక్కువ టిక్కులు పడితే అన్నీ ఒకేసారి పట్టుకోవద్దు. పట్టికలో అన్నిటికంటే పైన ఖాళీగా ఉన్న గడిని తీసుకోండి, దాని మీదే రెండు వారాలు పెట్టండి, ఆ తర్వాతే కిందిదానికి వెళ్ళండి. ఉత్తరాల గడి ఖాళీగా ఉంటే మాత్రం రెండు వారాలు ఆగకండి, ఈ రోజే అన్నీ తెరిచి తేదీల వారీగా పేర్చండి.